కుట్లు తప్పవా?

ఆఫీసులో చిన్న సర్వర్ అప్‌గ్రేడ్ చేయాలన్నా రెండు వారాల ముందు నుంచి చెక్‌లిస్టులు, ట్రయల్ రన్నులు, రోల్‌బ్యాక్ ప్లానులు... అదే కాన్పుకి ప్రిపరేషన్ అంటే? సీమంతానికి చీరా గాజులూ, హాస్పిటల్‌కి సర్దుకున్న బ్యాగూ, పిల్లకి పేర్ల లిస్టూ. కనబోయే ఒంటిని సిద్ధం చేసుకోవడం గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. నాకిప్పుడు ఎనిమిదో నెల, కాబట్టి నేనే విప్పుతున్నా. మొహమాటపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మగవాళ్ళు మాత్రం ఆగొద్దని మనవి :)

విషయమేంటంటే, బిడ్డ బయటికొచ్చేటప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్యనున్న భాగం (పెరీనియం అంటారు) బాగా సాగాలి. మొదటి కాన్పులో పదిమందిలో తొమ్మిదిమంది దాకా అక్కడ ఎంతో కొంత చిరుగుతుంది, లేదా డాక్టరే కోస్తారు. చాలావరకు చిన్నవే, మానిపోతాయి. కొద్దిమందికి మాత్రం చిరుగు మలద్వారపు కండరం దాకా వెళ్తుంది. అది నెలల తరబడి బాధ.

"మొదటి కాన్పు కదా, మామూలుగా కోసేస్తాం" అన్నారు నేను చూపించుకునే ఆస్పత్రిలో. ఈ "మామూలుగా" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. మామూలు కాన్పుల్లో అందరికీ రొటీన్‌గా కోయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టంగా చెప్పింది. బిడ్డ గుండె వేగం పడిపోతోంది, వెంటనే బయటికి తీయాలి అంటే కోయండి, ఎవరొద్దన్నారు? కారణం లేకుండా అలవాటుకొద్దీ కోయడమే తప్పంటున్నా.

మరి మన చేతిలో ఏముంది? ముప్పై అయిదో వారం దగ్గర్నుంచి పెరీనియం మసాజ్. చేతులు శుభ్రంగా కడుక్కుని, గోళ్ళు తీసుకుని, వాసనల్లేని వంటనూనె రాసుకుని, బొటనవేళ్ళు మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి పెట్టి కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీయడం. ఓ అయిదు నిమిషాలు, వారానికి ఒకట్రెండు సార్లు చాలు. చెయ్యి అందకపోతే మీవారి సాయం తీసుకోవచ్చు. మాయ కిందికి ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా చేయకూడదు. డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ఇది మంత్రమేమీ కాదు. సుమారు 2500 మందిపై జరిగిన నాలుగు ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష (2013) ప్రకారం, ఇలా చేసిన ప్రతి పదిహేనుమందిలో ఒకరికి కుట్లు తప్పాయి. తొలి కాన్పువాళ్ళలో కోతలు 16 శాతం తగ్గాయి. పెద్ద చిరుగులు మాత్రం తగ్గలేదు. వాటికి పనికొచ్చేది వేరే ఉంది: బిడ్డ తల బయటికొచ్చే వేళ అక్కడ గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ అద్దడం. ఖర్చెంత? ఒక గుడ్డ, కాసిని వేణ్ణీళ్ళు! అయినా అద్దాల్సింది ఆస్పత్రివాళ్ళే కాబట్టి ముందే అడిగి పెట్టుకోవాలి.

"ఇంత తతంగమెందుకు, సిజేరియన్ చేయించుకుంటే పోలా?" అనే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లే. కింది కోతకి భయపడి పొట్ట కోయించుకోవడం ఏం లాజిక్కో నాకు అర్థం కాదు. అవసరమైతే సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ భయానికి మందు ఆపరేషన్ కాదు, ముందే తెలుసుకోవడం.

అందుకే ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. కోత ఎప్పుడు పెడతారు? పెట్టేముందు నాకు చెబుతారా? వేడి కాపడం పెడతారా, పక్కకి తిరిగి పడుకుని కననిస్తారా? మగవాళ్ళూ, ఆ నొప్పుల్లో ఆవిడ అడగలేదు. ఆ ప్రశ్నలు మీకు కూడా నోటికొచ్చి ఉండాలి.