రూపాయి బిళ్ళే కదా అనుకోకండి!

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! పోయినవారం ఊరగాయల గురించి చెప్పుకున్నాం కదా. ఈవారం వంట కబుర్లు కాస్త పక్కన పెడుతున్నాను. చంటిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు పొయ్యి కట్టేసి మరీ ఇది చదవండి.

2022 సంక్రాంతికి అందరం మా ఇంట్లో చేరాం. కనుమ నాడు మధ్యాహ్నం గారెలు వండుతున్నాం. మా తోడికోడలి కొడుక్కి అప్పటికి రెండేళ్ళు. ఉన్నట్టుండి దగ్గుకుంటూ, చొంగ కార్చుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. వెనకే వాళ్ళక్క వచ్చి, "తమ్ముడు రూపాయి బిళ్ళ మింగేశాడు" అంది. మా తోడికోడలు బెదిరిపోయి, "అక్కయ్యా, ఏం చేద్దాం?" అని ఏడుపు లంకించుకుంది.

"ఏం కాదులే, అరటిపండు పెడితే రేపటికి దొడ్డికి వచ్చేస్తుంది" అన్నది నేనే. పండు ముక్క నోట్లో పెట్టిందీ నేనే. వాడు దాన్ని మింగలేక కక్కేశాడు. మారాం చేస్తున్నాడనుకుని మళ్ళీ గారెల పనిలో పడ్డాం. రెండున్నర గంటలు గడిచాక మా అత్తగారు, "వీడు ఉమ్మి కూడా మింగడం లేదర్రా!" అన్నారు. అప్పుడు పరుగెత్తాం.

ఎక్స్‌రే ఫిల్ము చూసి డాక్టరుగారు, "ఈ బిళ్ళ అంచు లోపల ఇంకో గుండ్రటి గీత కనిపిస్తోంది చూశారా? ఇది రూపాయి కాదమ్మా, బ్యాటరీ" అన్నారు. ఇంటికి ఫోను చేసి వెతికిస్తే రంగు లైట్ల చిన్న రిమోటు మూత ఊడిపోయి ఉంది. ఆ రాత్రే మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం పంపి తీశారు. అప్పటికే ఆహారనాళం కాలిపోయింది. చాలా రోజులు ముక్కు గొట్టంతోనే పాలు పట్టారు. తర్వాత నాళం ఇరుకైపోతే నాలుగుసార్లు వెడల్పు చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కానీ దోసె తినాలన్నా ముక్క ముక్కకీ నీళ్ళు తాగుతాడు. అది చూసినప్పుడల్లా నా చేతిలోని అరటిపండే గుర్తొస్తుంది.

బ్యాటరీ ఎందుకంత ప్రమాదం?

గుండీలా ఉండే ఈ బ్యాటరీని షాపుల్లో బటన్ సెల్ అంటారు. ఇప్పుడొస్తున్న రూపాయి బిళ్ళకీ దీనికీ పరిమాణంలో పెద్ద తేడా లేదు. అది కారి విషం అవుతుందని నేననుకునేదాన్ని. అసలు సంగతి వేరు. ఆహారనాళంలో ఇరుక్కుంటే లోపలి తడివల్ల కరెంటు పారి, అక్కడ కాస్టిక్ సోడాలాంటి ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. మనం 'అయిపోయింది' అని తీసి పారేసిన సెల్లులోనూ అందుకు చాలినంత పవరు ఉంటుంది.

అందుకని బ్యాటరీ అని అనుమానం వచ్చినా సరే, పిల్లవాడు నవ్వుతూ ఆడుతున్నా సరే, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఏడాది దాటిన పిల్లలకు, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో 10 నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె పట్టవచ్చు. ఆరుసార్లకు మించకూడదు. తేనె కాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. అది వైద్యం కాదు. తేనె కోసం వెతుకుతూ నిమిషం కూడా ఆగవద్దు. మింగలేని పిల్లలకూ, ఏడాదిలోపు పసివాళ్ళకూ తేనె వద్దే వద్దు.

మిగతా వస్తువుల సంగతి

మింగిన వస్తువుల్లో ఎక్కువ భాగం వాటంతటవే బయటికి వచ్చేస్తాయి. నాణెం కడుపులోకి దిగిపోయిందని ఎక్స్‌రేలో తేలితే డాక్టర్లు ఇంటికి పంపేస్తారు. వారంలో రావచ్చు, ఒక్కోసారి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. దొడ్డికి వెళ్ళినప్పుడల్లా చూసుకుంటూ ఉండాలి. నాణెం ఆహారనాళంలోనే ఆగితే మాత్రం 24 గంటల్లోపు తీయించాలి.

అయస్కాంతాలు రెండు మింగితే పేగు మడతలకు అటొకటి ఇటొకటి చేరి, అతుక్కుని, మధ్యలో పేగును నలిపి చిల్లు చేస్తాయి. తెరిచి ఉన్న పిన్నీసు, సూది కూడా ఆగే వ్యవహారాలు కావు. ప్లాస్టిక్కు, చెక్క ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కాబట్టి అలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్ళండి.

చొంగ కారడం, మింగలేకపోవడం, ఆగని వాంతులు, కడుపునొప్పి, జ్వరం, నెత్తురు పడటం, నల్లటి విరేచనం - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి.

చేయకూడనివి

వేలు పెట్టి కక్కించకూడదు. విరేచనానికి ఆముదం పట్టకూడదు. అరటిపండు, అన్నం ముద్ద కుక్కకూడదు. మత్తివ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. పైన చెప్పిన తేనె ఒక్కటే మినహాయింపు.

ఊపిరి అందకపోతే

పిల్లవాడు గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే దగ్గనివ్వండి. గొంతు పెగలక, మొహం నీలంగా మారితే ఒకరు 108కి ఫోను చేస్తూ, ఇంకొకరు ఇలా చేయాలి. ఏడాదిలోపు బిడ్డయితే ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి రెక్కల మధ్య అరచేతి మొదలుతో 5 సార్లు చరచాలి. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటితే ముందుకు వంచి వీపుమీద 5 దెబ్బలు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు గట్టిగా నొక్కాలి. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి. పిల్లవాడు స్పృహ తప్పితే 108 వాళ్ళు ఫోనులో చెప్పినట్టు గుండెమీద నొక్కడం మొదలుపెట్టాలి. కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది.

పల్లీ తింటూ పొలమారిన పిల్లకు తర్వాత రోజుల తరబడి దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే 'జలుబులే' అనుకోకండి. గింజ ఊపిరితిత్తుల గొట్టంలో ఉండిపోయి ఉండవచ్చు. డాక్టరుకు పల్లీ సంగతి తప్పకుండా చెప్పండి.

మన ఇంట్లో మనం

గాజులకు పిన్నీసులు తగిలించుకోవడం, చీర కట్టుకుంటూ పిన్నీసు పళ్ళమధ్య పట్టుకోవడం మనందరికీ అలవాటే. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. చింతగింజలు, సీతాఫలం గింజలు ఎక్కడివక్కడ ఎత్తేయండి. నాలుగేళ్ళు నిండేదాకా పల్లీలు, శనగలు గింజగా ఇవ్వకండి. పరుగెత్తుతున్న పిల్లల వెంటపడి ముద్దలు పెట్టకండి.

ఈ సాయంత్రమే ఇల్లంతా ఒకసారి చూడండి. రిమోట్లు, పాటలు పాడే బొమ్మలు, కారు తాళంచెవి, వంటింటి త్రాసు, థర్మామీటరు - వీటిలో బటన్ సెల్ ఉందేమో చూడండి. స్క్రూ లేని మూతకు గట్టి టేపు చుట్టండి. పాత సెల్లుల్ని టేపు చుట్టి పిల్లలకు అందకుండా పారేయండి.

మా తోడికోడలు నన్ను ఒక్క మాట అనలేదు. "తెలియక చేశావక్కయ్యా" అంది. ఇక మీకు తెలిసింది. పక్కింటావిడకు కూడా చెప్పండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.