పన్నుకు ఏటా 15 శాతం, జీతానికి సమ్మె

మున్సిపల్ కార్మికుల జీతం మాట ఎత్తగానే ఒకటే జవాబు: ‘పెంచితే ఆ భారం జనం మీదే పడుతుంది’. పన్ను కట్టేవాడికీ కాలువ తీసేవాడికీ తగవు పెట్టే వాదన ఇది. జనం మీద భారం ఇప్పటికే పడింది. అందులో కార్మికుడికి ఎంత చేరిందో చెప్పమంటే మాత్రం జవాబు రాదు.

2021-22 నుంచి మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అద్దె విలువకు బదులు రిజిస్ట్రేషన్ రేట్లతో లెక్కగట్టే మూలధన విలువపై ఆస్తి పన్ను వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటదని అదేదో ఊరటలా చెప్పారు. ఆ 15 శాతం చొప్పున ఐదేళ్లు లెక్క వేయండి, వెయ్యి రూపాయల పన్ను రెండు వేలు దాటుతుంది. ఇక పారిశుద్ధ్య కార్మికుడి సంగతి. 2019లో ఆరోగ్య భత్యంతో కలిపి నెలకు 18 వేలు. 2024 జనవరిలో సమ్మె విరమణ నాటి ఒప్పందంలో 21 వేలు. అంటే 17 శాతం కూడా కాదు. పన్ను ఒక్క ఏడాదిలో ఎంత ఎగబాకవచ్చో, జీతం నాలుగేళ్లకు పైగా గడిచాక దాదాపు అంతే పెరిగింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మాట్లాడే నాయకుడు ఏ పార్టీలోనూ కనపడడు.

2011లో నగర పంచాయతీ అయిన తిరువూరునే తీసుకోండి. జాతీయ రహదారి పక్కన తాతలనాటి రేకుల ఇంట్లో పింఛనుతో బతికే ముసలి దంపతులకు స్థలం రేటు పెరిగితే చేతికి పైసా రాదు. రిజిస్ట్రేషన్ విలువ పెరిగిందని పన్ను మాత్రం పెరుగుతుంది. తెల్లవారకముందే ఆ ఇంటి ముందు సైడు కాలువలోంచి పారతో మురుగుమట్టి ఎత్తి గట్టున పోసే మనిషికి అందులో వాటా లేదు. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏటా 50 రూపాయలే అన్న వెసులుబాటు ఉంది, కాదనను. ఇంకో గది ఉన్నంత మాత్రాన ఎవరూ ధనవంతులైపోరు.

పట్టణాలకు సొంత రాబడి కావాలి, నిజమే. కానీ పన్ను పద్ధతిలో ఈ మార్పు వచ్చిన దారి వేరు. 2020లో కోవిడ్ వేళ, అదనపు అప్పు కావాలంటే ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలని కేంద్రం షరతు పెట్టింది. రాష్ట్రం సరేనని 2,525 కోట్ల రూపాయల అప్పుకు అనుమతి తెచ్చుకుంది. ఆ తర్వాత వచ్చిన చెత్త పన్ను జనాగ్రహంతో రద్దయింది. మంచిదే. దాని మీద లేచిన గొంతు 15 శాతం మీద లేవలేదు.

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి పర్మినెంటు స్కేలులోని కనీస వేతనమైనా ఇవ్వాలని 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘వాళ్లు ఔట్‌సోర్సింగ్’ అని తప్పించుకోవద్దు, వాళ్లను నియమించే ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్ ఆప్కాస్‌ను పెట్టింది ప్రభుత్వమే. పన్ను పెరగడానికి చట్టం చాలు. జీతం పెరగాలంటే మాత్రం వీధుల్లో చెత్త కుప్పలు పడేదాకా సమ్మె చేయాలి. ఇది అన్యాయం.

స్థలం రేటు కాదు, ఇంటివాడి స్తోమత చూసి పన్ను వేయండి. పెంచిన సొమ్ములో కార్మికుల జీతాలకు ఎంత వెళ్లిందో పన్ను నోటీసు మీదే అచ్చు వేయండి. ఆ లెక్క చూపేదాకా ‘జీతాలు పెంచితే భారం’ అని మాకు చెప్పకండి.