జత్రువు, అక్షకము, భుజపు గూడు – ఒక పరిభాషా విచారము

నెల్లూరు సముద్రతీరమున అలివివల లాగువాని జీవనమంతయు మూపులోనే కలదు. ఆ కీలు తప్పినపుడు అతడు 'గూడు జారినది' అనును. శాస్త్రపరిభాష నేర్చిన మనము ఆ అంగములకు పెట్టిన పేర్లు యుక్తములా యని విచారింపవలసియున్నది.

అంసఫలకము త్రికోణాకారమైన పలుచని ఎముక. కండరముల నడుమ నిలుచునే గాని పక్కటెముకలతో దానికి సంధి లేదు. దాని అంసకూటము మెడ క్రింది అడ్డుటెముకతో కలియుట యొక్కటే మొండెముతో దానికి గల అస్థిబంధము. ఆ అడ్డుటెముకను నేటి పాఠ్యగ్రంథములు 'జత్రుక' అనుచున్నవి. ఇది నాకు సమ్మతము కాదు. చరకసంహిత శారీరస్థానమున అక్షకములు రెండనియు, జత్రువు ఒకటే యనియు వేరువేరుగా లెక్కింపబడినవి. ఇరుప్రక్కల రెండుగా నున్న ఎముకకు ఒక్కటిగా గణింపబడిన దాని పేరు ఎట్లు చెల్లును? అమరకోశము అంసము యొక్క సంధులనే జత్రువులనెను గాని ఎముకను కాదు.

'ఊర్ధ్వజత్రుగత రోగములు' అను వ్యవహారము కలదు గదా యని కొందరందురు. మెడ మొదలు ఎల్లగా గ్రహించినను ఆ మాట పొసగును. దానిచే ఎముక పేరు నిర్ణయము కాదు. కావున ఆ ఎముకను 'అక్షకము' అనుటయే మేలు.

సుశ్రుతుడు సంధులను ఎనిమిది విధములుగా విభజించి, చంకలోని సంధిని, గజ్జలోని సంధిని ఉలూఖలములనెను. ఉలూఖలమనగా రోలు. తుంటి గుంట నిజముగా రోలే. భుజపు గుంట మాత్రము మూకుడువలె లోతు తక్కువది. అందుచేతనే చేయి అన్ని దిక్కులకు తిరుగును; అందుచేతనే సులభముగా జారును. ఈ భేదమును ఒప్పుకొనుట ఆచార్యునకు అగౌరవము కాదు.

జారిన భుజమును చంకలో రోకలి నుంచి ఎత్తి, స్వస్తికబంధము కట్టవలెనని సుశ్రుతుడు విధించెను. ఆ ఉపాయము ఆ కాలమునకు గొప్పదే. అయినను చంకలో నరములు, రక్తనాళములు ఉన్నవి; ఎముక విరిగియు నుండవచ్చును. ఎక్స్‌రే తీయక బలముగా లాగినచో చేయి చచ్చుబడు ప్రమాదము కలదు. 'అన్నియు మన గ్రంథములలోనే ఉన్నవి' అను మన మాట విని ఒక జాలరి చేయి పోగొట్టుకొన్నచో ఆ పాపము పండితులదే.

పాఠ్యగ్రంథములలో 'అంససంధి' ప్రక్కనే 'భుజపు గూడు' అనియు వ్రాయుదురు గాక. ఎముక తల ఒదుగు చోటును గూడు అన్న ఆ తీరవాసి మాట మన పరిభాషకు ఏమాత్రము తీసిపోదు.