ఆరు నుండి పన్నెండున్నర, మళ్ళీ ఆరు

తపతీ తీరాన ఉన్న సూరత్ రేవులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613 ప్రాంతంలో వర్తకశాలను నెలకొల్పింది. అంతకు కొద్దికాలం ముందే, 1611లో, మన మచిలీపట్నంలో అడుగు మోపింది. వాటాదారుల సొమ్ముతో నడిచిన ఆ సంస్థ తన లాభాన్ని వారికి డివిడెండుగా పంచేది.

1765లో బెంగాలు దివానీ చేజిక్కగానే వాటాదారుల ఆశలకు రెక్కలు మొలిచాయి. ఆరు శాతంగా ఉన్న డివిడెండు మరుసటి ఏడు పది శాతానికీ, 1771లో పన్నెండున్నరకూ చేరింది. రాబోయే రాబడిని తలచుకొని ముందుగానే పంచిపెట్టిన సొమ్ము అది. 1770 నాటి ఘోరమైన బెంగాలు క్షామం, సైనిక వ్యయం, పేరుకుపోయిన అప్పులు ఒక్కుమ్మడిగా పైబడ్డాయి. 1773లో కంపెనీ బ్రిటిషు ప్రభుత్వాన్ని ఆశ్రయించి 14 లక్షల పౌన్లు అప్పు తెచ్చుకొన్నది. ఆ అప్పు తీరేవరకు డివిడెండు ఆరు శాతం మించరాదని పార్లమెంటు కట్టడి చేసింది.

నేటి సూరత్ మరమగ్గాల నగరం. తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అనేకం అక్కడ స్థిరపడినవి. ఉన్న పడుగును మించి బట్ట దిగదన్నది నేతగానికి తెలిసిన సత్యమే. డివిడెండు సంగతీ అంతే. లాభాన్ని మించి పంచుతూ ఏ కంపెనీ చిరకాలం నిలువజాలదు.

ఒక ఉదాహరణ చూద్దాము. 2 రూపాయల ముఖవిలువ గల షేరు బజారులో 400 రూపాయలు పలుకుతున్నది అనుకొందాము. కంపెనీ 400 శాతం డివిడెండు ప్రకటించినదనగానే సంబరపడనక్కరలేదు. ఆ శాతం ముఖవిలువ మీద లెక్క. చేతికి వచ్చేది 8 రూపాయలు, అనగా పెట్టిన సొమ్ముపై రెండు శాతమే. అయితే ఆ డివిడెండు ఏటా పది శాతం చొప్పున పెరిగినచో, పదునాలుగేళ్ళకు సుమారు 30 రూపాయలవుతుంది. అప్పుడది తొలి పెట్టుబడిపై ఏడున్నర శాతం. ఓపికకు దక్కే ఫలమిది.

కానీ ఆ పెరుగుదలకు ఎవరూ పూచీపడరు. బ్యాంకు వడ్డీ వలె డివిడెండు ఋణం కాదు; ఆపివేసే స్వేచ్ఛ కంపెనీకి ఉన్నది. కనుక పదేళ్ళ వార్షిక నివేదికలు తిరగవేయండి. లాభమూ డివిడెండూ కలిసి పెరిగినవా? లాభంలో ఎంత భాగం పంచి, ఎంత వ్యాపారానికి మిగుల్చుకొన్నారు? అప్పు పెరుగుతున్నదా? షేరు ధర కుప్పకూలినందువల్ల కూడా డివిడెండు శాతం ఆకర్షణీయంగా కనిపించవచ్చునని మరువకండి.

మరి రెండు మాటలు. 2020 ఏప్రిల్ నుండి డివిడెండుపై పన్ను వాటాదారుని ఆదాయంలో కలిపి లెక్కిస్తున్నారు. ఏడేళ్ళపాటు ఎవరూ కోరని డివిడెండు ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి చేరుతుంది. కావున బ్యాంకు ఖాతా, చిరునామా, నామినీ వివరాలను సరిచూసుకొండి.

ఎంత పంచుతున్నారన్నది పత్రికలో కనబడుతుంది. ఎక్కడి నుండి తెచ్చి పంచుతున్నారన్నది మదుపరి స్వయంగా వెదకవలసినదే.