యింటి ధర ఎవరి సొమ్ము?

సొంతయిల్లు అమ్ముకుని దూరప్రాంతానికి తరలిపోయే మధ్యతరగతి మనిషి మీద మన కథకులకు అంతులేని జాలి. పెరట్లో మామిడిచెట్టు, గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, చివరిసారి తాళం వేస్తూ వణికే చెయ్యి. యివి లేని యిల్లమ్మకం కథ అరుదు. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. కాని ఆ కథల్లో ఎన్నడూ కనపడని మనిషి ఒకడున్నాడు. అతను ఆ యింట్లో అద్దెకున్నవాడు. అతణ్ని కథలోంచి ఖాళీ చేయించిన తరువాతనే మన రచయిత కన్నీళ్లు మొదలుపెడతాడు. యీ నేరం ఇతరుల మీద మోపి తప్పుకోవడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. ఆ పని చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

నేను భిలాయిలో బడిపంతులుగా పనిచేశాను. నా భార్య అక్కడి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959లో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగించిన ఆ వూరికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు వలస వెళ్లాయి. కొలిమి కట్టినవాళ్లే పక్కన కార్మికులకు క్వార్టర్లు కూడా కట్టారు. ఆ క్వార్టరుకు అద్దె వుండేది గాని అంగడిలో ధర వుండేది కాదు. కొలువు చాలించుకుంటే తాళంచెవి అప్పగించి రైలెక్కడమే. ఆ వీధుల్లో మనుషులు పక్కింటిని చూసి "యిప్పుడెంత పలుకుతుంది?" అని లెక్కలు వేసుకోలేదు. అయితే ఒక లోపం దాచకూడదు. ఆ క్వార్టరు పర్మినెంటు ఉద్యోగికే గాని కాంట్రాక్టు కూలీకి కాదు.

1998లో మేము పొరుగున వున్న దుర్గ్‌లో 4 లక్షలు పెట్టి చిన్న డాబా యిల్లు కొన్నాం. తరువాత మేడమీద ఒక వాటా వేశాం. కొడుకు హైదరాబాదులో స్థిరపడ్డాడు. మాకు వయసు మీదపడింది. 2025 మొదట్లో ఆ యిల్లు 44 లక్షలకు అమ్మి హైదరాబాదు చేరాం. బంధువులందరూ నన్ను మెచ్చుకున్నారు. "మాస్టారు తెలివైనవాడు, అదనులో కొన్నాడు" అన్నారు. నాకూ గర్వంగానే వుండింది.

మేడమీద వాటాలో పదకొండేళ్లుగా అద్దెకున్నది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడి కుటుంబం. కొనేవాడు ఖాళీ యిల్లయితేనే తీసుకుంటానన్నాడు. లేకపోతే ధర తగ్గించమన్నాడు. నేను ధర తగ్గించలేదు. నెల రోజుల్లో ఖాళీ చెయ్యమని మేడమీదికి కబురు పెట్టాను. చట్టం నా పక్షానే వుంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం తప్పనిసరిగా రిజిస్టరు చెయ్యాలని 1908 నాటి చట్టం అంటుంది. కనుకనే దేశమంతటా యజమానులు పదకొండు నెలల కాగితం రాయించుకుంటారు. నేనూ పదకొండేళ్లపాటు పదకొండు నెలల కాగితాలే రాయించుకున్నాను. అతను తగాదా పడలేదు. చివరి నెల అద్దె చేతిలో పెట్టి ఒక్క మాటన్నాడు:

"మీకైతే యిల్లమ్మితే యిల్లొస్తాది మాస్టారూ. మేం అద్దె కట్టిన యిల్లమ్మితే మాకేటొస్తాది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. యీ వ్యాసం ఆ జవాబు వెతకడానికే.

4 లక్షల యిల్లు 44 లక్షలు ఎలా అయింది? నేను దానికి మేడ వేయించాను, నాలుగుసార్లు వెల్ల వేయించాను. ఆ ఖర్చుల మీద మిగిలినదంతా ఎవరు సృష్టించారు? రోడ్డు వేసిన కూలీలు, బడులు నడిపిన పంతుళ్లు, కొలిమి దగ్గర చెమటోడ్చిన కార్మికులు. వాళ్లలో మేడమీద కాపురమున్నవాడూ ఒకడు. అతని శ్రమ ఆ వూరి నేలకు విలువ పెంచింది. ఆ విలువ నా జేబులో పడింది. పైగా పదకొండేళ్ల అద్దె కూడా అతనే కట్టాడు. దీనికి తెలివి అని పేరు పెట్టడం సిగ్గుచేటు.

పోనీ, ఆ లాభం నాకైనా దక్కిందా? హైదరాబాదు శివార్లలో రెండు గదుల పాత ఫ్లాటుకు 70 లక్షలు పోశాను. దుర్గ్‌లో నేను చేసినదే యిక్కడ మరొకడు యింకా పెద్ద ఎత్తున చేశాడు. మొత్తం దాచుకున్నదంతా కరిగి నేను మళ్లీ రెండు గదుల మనిషినే అయ్యాను. మధ్యలో పండగ చేసుకున్నవాడు నేల వ్యాపారి. యీ వ్యాపారంలో సర్కారు కూడా వెనకబడలేదు. ప్రజాధనంతో 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేసి, దాని పక్కన కోకాపేట్‌లో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా వేలం పాడింది. పాట అక్కడితో ఆగదు. దాని ప్రతిధ్వని చుట్టుపక్కల ప్రతి అద్దె గది మీదా పడుతుంది.

పన్నుల లెక్క చూడండి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 54వ సెక్షను ప్రకారం, పాతయిల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని రెండేళ్లలో మరో యింటి కొనుగోలులో పెడితే ఆ మేరకు పన్ను లేదు. 2023లో దీనికొక హద్దు పెట్టారు. ఎంతనుకున్నారు? 10 కోట్లు! 2025 నాటి కొత్త చట్టం కూడా యీ వరాన్ని కాపాడింది. అదే 2023లో అందరికీ మామూలు పద్ధతిగా చేసిన కొత్త పన్ను విధానంలో, జీతగాడి యింటద్దె అలవెన్సుకు మినహాయింపు లేదు. మరోపక్క కొనుగోలు మీద స్టాంపు, రిజిస్ట్రేషన్ వగైరాలు తెలంగాణలో 2021 జూలైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. నా ఫ్లాటుకు అది 5 లక్షల 25 వేలు. కదిలినవాడికి పన్ను, కదలకుండా పెరిగిన ధరకు మాఫీ, అద్దెవాడికి మొండిచెయ్యి! యిది ఏ వర్గం రాసిన లెక్కో వేరే చెప్పాలా?

"యిళ్లు చాలవు, అందుకే ధర" అని ఆర్థికవేత్తలు సెలవిస్తారు. 2011 జనాభా లెక్కల్లో మన పట్టణాల్లో ఖాళీగా పడివున్న యిళ్లు సుమారు 1 కోటి 10 లక్షలు. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం అంచనా కట్టిన పట్టణ యిళ్ల కొరత సుమారు 1 కోటి 88 లక్షలు. ఒక చేత్తో తాళాలు, మరో చేత్తో కొరత! వున్న యిళ్లే కాపురానికి గాక ధర పెరగడానికి కాచుకుని వుంటే, కొత్తగా కట్టినవి ఎవరికోసం?

దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ యిచ్చింది. ఆస్తి హక్కును 1978 నాటి 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. కాగితం మీద వున్న యీ క్రమం బతుకులో తలకిందులైంది. ఆస్తి వున్నవాడే స్థిరపడతాడు. లేనివాడు పదకొండు నెలలకోసారి కొత్తగా వలసపోతాడు.

మిత్రులు ఒక మాట అడగవచ్చు. "ముసలితనంలో నీ యిల్లు నువ్వు అమ్ముకోవడం కూడా దోపిడీయేనా?" కాదు. నా భయం నిజమైనదే. చాలినంత పింఛను, వైద్యం, నిలకడైన అద్దె యిల్లు లేనిచోట నాలుగు గోడలే మనిషికి బీమా అవుతాయి. కాని ఆ భయం నాకు ఎంత నిజమో మేడమీదివాడికి అంతకు పదింతలు నిజం. నా భయాన్ని అతని నెత్తికి ఎత్తి నేను బయటపడడం పరిష్కారం కాదు. అందరికీ ఒక్కొక్క యిల్లు రాసిస్తే సరిపోతుందనే వాదానికి ఎంగెల్స్ 1872లోనే సమాధానం చెప్పాడు. పెద్ద నగరపు కార్మికుడికి పని వున్నచోటికి కదిలే స్వేచ్ఛ ముఖ్యమనీ, యింటి యాజమాన్యం అతని కాలికి బంధమవుతుందనీ ఆయన వాదం.

దారి లేదనేవాళ్లు వియన్నా చూడాలి. 1923 నుంచి 1934 దాకా అక్కడి సోషలిస్టు పురపాలక సంఘం, విలాస భవనాల మీద ఎక్కువగా పడేటట్లు గృహనిర్మాణ పన్ను వేసి, 60 వేలకు పైగా అద్దె యిళ్లు కట్టింది. మనమూ అడగవలసినవి యివే. ప్రభుత్వ భూమి వేలానికి గాక అద్దె యిళ్లకు పోవాలి. సమాజం పెంచిన నేల ధర సమాజానికే పన్నుగా తిరిగి రావాలి. యిల్లు చేతులు మారినా అద్దెకున్నవాడి కాపురం చెదరకుండా చట్టం కాపాడాలి. కాంట్రాక్టు కార్మికుడికీ క్వార్టరు కావాలి.

మన రచయితలకు కూడా ఒక మాట. యిల్లమ్మకం కథ రాయండి. మామిడిచెట్టును మరిచిపోనక్కరలేదు. కాని తాళం వేసేముందు ఒక్కసారి మేడ మెట్లెక్కి చూడండి. అక్కడ సామాను మూటగట్టుకుంటున్న మనిషి మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాడు. నేను తలవంచుకుని రైలెక్కాను. మీరు అలా చెయ్యకండి.