బరువులెత్తే బిడ్డకు కొబ్బరినీళ్ళు చాలునా?

వ్యాయామంపై మన యువతరానికి ఆసక్తి కలగడం హర్షించదగిన పరిణామం. ఒకప్పుడు పట్టణాలకే పరిమితమైన జిమ్ములు నేడు కోనసీమ పల్లెలకు సైతం కూతవేటు దూరంలోకి వచ్చాయి. పోలీసు నియామకాలకు సిద్ధమయ్యే యువకులు, పెండ్లి నిశ్చయమైన వరులు, మధుమేహం తగ్గించుకోవాలనుకునే నడివయసు ఉద్యోగులు, ప్రసవానంతరం పెరిగిన బరువుతో బాధపడే గృహిణులు, అందరూ ఆ ద్వారం వైపే చూస్తున్నారు. బరువులతో చేసే కసరత్తు మేలు చేస్తుందనడంలో నాకెట్టి సందేహమూ లేదు. ఎముకలు గట్టిపడడానికి, చక్కెర అదుపులో ఉండడానికి, వార్ధక్యంలో తూలిపడకుండా ఉండడానికి అది ఎంతో సహాయకారి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తున్నది.

నా అభ్యంతరం తొందరపాటుపైనే. నలభై రోజుల్లో కండలు తిరగాలన్న ఆత్రంతో మొదటి వారంలోనే శక్తికి మించిన బరువులెత్తడం ఒక పొరపాటు. దాని ఫలితంగా వచ్చే ప్రమాద సూచనలను ‘వేడి’ అనీ, ‘వాయువు’ అనీ భావించి ఇంటిలోనే సరిపుచ్చడం అంతకు మించిన పొరపాటు. గృహవైద్యాన్ని అభిమానించే కుటుంబాలలోనే ఈ రెండవది ఎక్కువగా జరుగుతున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

ముందు బలం, తరువాత కండ

కొత్తగా బరువులెత్తే వ్యక్తి శరీరంలో జరిగే మార్పులకు ఒక క్రమం ఉన్నది. మొదటి నాలుగైదు వారాలలో బలం త్వరత్వరగా పెరిగినట్లు తోస్తుంది. పది కిలోలు ఎత్తలేనివాడు పదిహేను కిలోలు ఎత్తుతాడు. కాని ఆ బలం అధికభాగం కండ పెరగడం వలన వచ్చినది కాదు. మెదడు, నాడులు ఉన్న కండరాలనే మరింత సమర్థంగా పని చేయించడం నేర్చుకొన్నందువలన వచ్చినది. కండ కంటికి కనిపించేంతగా పెరగడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు బంధించే స్నాయువులు గట్టిపడడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. అందుచేత రెండవ వారంలో ‘నేను చాలా బలవంతుణ్ణి అయ్యాను’ అని భ్రమించి బరువులు రెట్టింపు చేసేవాడు, సిద్ధంగా లేని అవయవాలపై భారం మోపుతున్నాడన్నమాట.

మా జొన్నాడ గౌతమీ తీరాన ఉన్నది. వంతెన ఈవల మేము, ఆవల రావులపాలెం. ఇసుక రేవులో గంపలు మోసేవారినీ, కొబ్బరి దింపు, ఒలుపు పనులు చేసేవారినీ, అరటి గెలలను అవలీలగా లారీల కెక్కించేవారినీ నిత్యం చూస్తూనే ఉంటాము. వారి భుజాలు, పిక్కలు ఏ జిమ్ములోనూ తయారైనవి కావు. చిన్ననాట కొద్ది బరువుతో మొదలై, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన శ్రమే వారి శిక్షణ. పుస్తకాల ముందు, కంప్యూటరు ముందు కూర్చుని పెరిగిన మన ఇంటి బిడ్డ ఆ స్థాయిని ఒక్క వేసవి సెలవులలో అందుకోవాలని చూడడం న్యాయమా?

అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాను చూచినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. కర్ర తిప్పడం, కత్తి దూయడం ఒక్కరోజులో వచ్చే విద్యలు కావు. పెద్దల కనుసన్నలలో, చిన్న అడుగుతో ఆరంభించి నేర్చిన విద్యలవి. కలియుగ భీముడని పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడు బాల్యం నుండి కసరత్తు చేసినవాడే. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం గెలుచుకొన్నది. ఆ ఒక్క దినం వెనుక పన్నెండేళ్ళకు పైబడిన సాధన ఉన్నది. పతకం అందరికీ కనిపించింది, సాధన ఎందరికి కనిపించింది?

గుండెపై పడే భారం

పెద్ద బరువునెత్తేటప్పుడు మనిషి సహజంగా ఊపిరి బిగబడతాడు. బిగిసిన కండరాలు రక్తనాళాలను నొక్కుతాయి. బిగబట్టిన ఊపిరి ఛాతీలో ఒత్తిడి పెంచుతుంది. ఈ రెండూ కలిసి రక్తపోటును ఒక్కసారిగా పైకి నెట్టుతాయి. 1985లో కెనడా పరిశోధకులు ఐదుగురు దేహదారుఢ్య సాధకుల ధమనులలో రక్తపోటును నేరుగా కొలిచారు. రెండు కాళ్ళతో అత్యధిక భారాన్ని నెట్టే సమయంలో అది సగటున 320/250 వరకు చేరింది. విశ్రాంతిలో 120/80 ఉండవలసిన చోట ఇది ఎంతటి పెరుగుదలయో పాఠకులే ఊహించగలరు. ఆరోగ్యవంతమైన గుండె ఆ క్షణకాలపు ఒత్తిడిని ఓర్చుకొంటుంది. బరువు దించగానే పోటు దిగివస్తుంది. మితంగా, క్రమంగా చేసిన అభ్యాసం వలన కొన్ని మాసాలకు విశ్రాంతి వేళ రక్తపోటు కొంత తగ్గుతుంది కూడ.

అయితే ప్రతి గుండె ఆరోగ్యవంతమైనదేనని ఎవరు హామీ ఇవ్వగలరు? పుట్టుకతో సంక్రమించే, గుండె గోడ అసాధారణంగా మందమయ్యే వ్యాధి ఒకటి ఉన్నది. సుమారు ఐదు వందల మందిలో ఒకరికి అది ఉంటుందని వైద్యుల అంచనా. చాలామందికి అది ఉన్నట్లే తెలియదు. నలభై దాటినవారిలో ధమనులు పూడుకొని ఉండడం, రక్తపోటు ఉండీ తెలియకపోవడం మనదేశంలో సర్వసాధారణం. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46వ ఏట గుండెపోటుతో మరణించాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక యువ పోలీసు కానిస్టేబుల్ జిమ్ములో వ్యాయామం చేస్తూనే కుప్పకూలిన దృశ్యం ఎందరినో కలచివేసింది. ఈ మరణాలకు కసరత్తే కారణమని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇటువంటి వార్త రాగానే కొందరు తల్లిదండ్రులు పిల్లలను జిమ్ము మాన్పించివేస్తున్నారు. మరికొందరు ‘మనకేమవుతుంది’ అని పట్టించుకోవడమే లేదు. ఈ రెండు ధోరణులూ తప్పే. కావలసినది ముందుగా ఒక పరీక్ష, ఆపై ఒక మితి.

వేడి కాదు, వాయువు కాదు

ఆయుర్వేద వైద్యునిగా నేను చూచిన ఒక సంఘటనను ఇక్కడ ప్రస్తావిస్తాను. మండు వేసవిలో, పంతొమ్మిదేళ్ళ యువకుడొకడు కొత్తగా జిమ్ములో చేరి, తొలి రెండు రోజులలోనే తోటివారితో పందెం వేసి వందల సంఖ్యలో బస్కీలు తీశాడు. మూడవనాటికి తొడలు వాచి, కూర్చుంటే లేవలేని స్థితి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఇంటివారు ‘వేడి చేసింది’ అని బార్లీ జావ, సబ్జా నీళ్ళు, పూటకు రెండు బోండాలు ఇచ్చారు. నొప్పికి మందుల దుకాణంలో మాత్రలు తెచ్చి వేశారు. నాలుగవనాడు మూత్రం తగ్గిపోగా నా వద్దకు తీసుకొనివచ్చారు. కషాయం అడిగిన ఆ తల్లికి కషాయం ఇవ్వక, తక్షణమే రాజమహేంద్రవరంలో పెద్దాసుపత్రికి పంపించాను. కొన్నాళ్ళు సెలైను ఎక్కించిన మీదట అతడు కోలుకొన్నాడు.

అతనికి జరిగినదేమిటి? అలవాటు లేని తీవ్ర శ్రమ వలన కండర కణాలు చితికి, వాటిలోని ఎర్రని పదార్థం రక్తంలోకి చేరింది. దానిని వడకట్టబోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రానికి ఆ నల్లని రంగు వచ్చేది అందువల్లనే. ఎండ, ఉక్కపోత, నీరు తక్కువ త్రాగడం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. కొన్ని రకాల నొప్పి మాత్రలు ఇదే స్థితిలో మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి.

ఇక కొబ్బరినీళ్ళ సంగతి. కోనసీమ బిడ్డకు కొబ్బరినీళ్ళు తల్లిపాల వంటివి. ఆరోగ్యవంతునికి అవి అమృతతుల్యమే. కాని వాటిలో పొటాషియం అనే లవణం అధికం. చితికిన కండరాల నుండి అదే లవణం రక్తంలోకి ధారగా వచ్చి పడుతుంది. మూత్రపిండాలు దానిని బయటికి పంపలేని వేళ మనం పైనుండి మరింత పోస్తే, గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. అంటే కండకు తగిలిన దెబ్బ చివరకు గుండెకు చేరుతుంది. మంచి పదార్థమైనా వేళ కాని వేళ మంచిది కాదనే సూత్రం ఆయుర్వేదానికి క్రొత్తదేమీ కాదు.

ఇటువంటిదే ఛాతీ బరువు. కసరత్తు చేస్తుండగా ఛాతీ పట్టినట్లయితే ‘గ్యాసు’ అని వాము నీళ్ళు, జీలకర్ర కషాయం ఇచ్చి పడుకోబెట్టడం మన ఇండ్లలో పరిపాటి. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ నొప్పి అజీర్ణం కాదనే ముందు అనుకోవాలి. ఒంటింటి డబ్బాలో దానికి మందు లేదు.

శాస్త్రకారులు చెప్పిన కొలత

మన ప్రాచీనులు వ్యాయామాన్ని నిత్యకృత్యాలలో చేర్చారు. దాని వలన దేహానికి తేలికదనం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయన్నారు. అంతటితో ఆగక దానికి ఎల్ల కూడా నిర్ణయించారు. బలవంతుడై, స్నిగ్ధాహారం తినేవాడు సైతం శీతకాలంలో, వసంతంలో తన శక్తిలో సగం వరకే శ్రమించాలనీ, తక్కిన ఋతువులలో అంతకన్నా తగ్గించాలనీ వాగ్భటుడు విధించాడు. సగం శక్తి అంటే ఎంత? ఊపిరి నోటిదాకా వచ్చినప్పుడు అర్ధబలం వినియోగమైనట్లు సుశ్రుతుడు గుర్తు చెప్పాడు. నుదుట, చంకలలో, కీళ్ళలో చెమట పట్టడం మరొక గుర్తు. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, రక్తపిత్తం, జ్వరం వంటివి కలుగుతాయని హెచ్చరించారు. ఏనుగును ఈడ్వబోయిన సింహంలా అటువంటివాడు నశిస్తాడని పోలిక కూడా తెచ్చారు.

నేటి వ్యాయామ శాస్త్రజ్ఞులు సైతం ప్రారంభకులను తాము ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ భారంలో దాదాపు సగంతోనే మొదలుపెట్టమంటున్నారు. రెండు కొలతలూ ఒకటేనని నేననను. వారిది యంత్రం మీది లెక్క, వీరిది దేహం మీది గుర్తు. కాని రెండింటి ఉపదేశం ఒక్కటే: మొదటే హద్దుదాకా పోవద్దు.

ఇంటివారు గమనించవలసినవి

1. జిమ్ములో చేరడానికి ముందే రక్తపోటు, చక్కెర చూపించాలి. నలభై దాటినవారు, కుటుంబంలో చిన్నవయసు ఆకస్మిక మరణాలున్నవారు, శ్రమలో స్పృహ తప్పిన అనుభవం ఉన్నవారు గుండె వైద్యుని సలహా పొందాలి.

2. తొలి మూడు మాసాలు వారానికి రెండు మూడు దినాలు చాలును. ఒకే కండరానికి మళ్ళీ పని చెప్పడానికి నడుమ రెండు రోజుల వ్యవధి ఉండాలి. కండ పెరిగేది విశ్రాంతిలోనే.

3. పది పన్నెండు సార్లు సునాయాసంగా ఎత్తగల బరువునే ఎన్నుకోవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. బిగబట్టరాదు.

4. జ్వరం, విరేచనాలు, నిద్రలేమి ఉన్ననాడు, అజీర్ణంగా ఉన్ననాడు కసరత్తు మానాలి. వేసవిలో తెల్లవారుజామునే ముగించాలి. నీరు, పలుచని మజ్జిగ తగినంత త్రాగాలి.

5. వ్యాయామానికి ముందు నువ్వుల నూనెతో అభ్యంగనం, తరువాత గోరువెచ్చని స్నానం మామూలు ఒళ్ళునొప్పులకు హాయినిస్తాయి. ఒకటి నుండి మూడు రోజులుండి తగ్గే నొప్పి సహజమే.

6. పెసలు, ఉలవలు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గుడ్డు, చేప – ఇవి కండకు చాలిన ఆహారం. ఎవరో ఇచ్చిన సూదిమందులు, పేరు తెలియని పొడులు ముట్టరాదు. కండలు పెంచే హార్మోను మందులు గుండెగోడను, రక్తంలోని కొవ్వును చెడగొడతాయి.

7. మూత్రం ముదురు రంగుకు మారినా, మూత్రం తగ్గినా, కండరాలు వాచి బిగుసుకొన్నా, ఛాతీ పట్టినా, గుండె దడతో కళ్ళు తిరిగినా ఏ గృహవైద్యమూ చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

గృహవైద్యం గొప్పదని నమ్మేవాణ్ణి కనుకనే దాని హద్దును కూడా చెప్పడం నా బాధ్యత. హద్దు తెలిసిన వైద్యమే నాలుగు కాలాలు నిలుస్తుంది. కండలు తిరిగిన కుమారుణ్ణి చూసి తల్లి మురిసిపోవడంలో తప్పులేదు. ఆ మురిపెం కోసం మూడు నెలలు ఆగమని అతనికి చెప్పగలిగినది కూడా ఆమె ఒక్కతే.