కుస్తీకి ముందు రాయబారం

‘అదంతా ముందే అనుకుని ఆడతారట కదండీ?’

జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్ గురించి ఎక్కడ మాట మొదలెట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు దగ్గరైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా అంతే. అవునండీ, అనుకునే ఆడతారు. ఎవరు గెలవాలో, బెల్టు ఎవరి నడుముకెక్కాలో రింగులోకి దిగకముందే ఖాయమైపోతుంది. అందులో దాచేదేమీ లేదు. మరి తెలిసీ అక్కడివాళ్లు టికెట్లు కొని ఎందుకు వెళ్తున్నట్టు?

మన పెద్దవాళ్లు పౌరాణిక నాటకాలకి ఎందుకు వెళ్లారో ఇదీ అందుకే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు వేస్తున్నారంటే చాపలు చంకన పెట్టుకుని బయల్దేరేవాళ్లు. దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలియక కాదు. అసలు కురుక్షేత్రం కంటే దానికి ముందు జరిగే రాయబారానికే వన్స్‌మోర్‌లు ఎక్కువ. పీసపాటి నరసింహమూర్తో, షణ్ముఖి ఆంజనేయరాజో కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకుంటే చాలు, యుద్ధం ఎప్పుడొస్తే అప్పుడే రానీ అనుకునేవారు. కొట్టుకోవడం చివర్లో. కొట్టుకునే దాకా తీసుకెళ్లడంలోనే ఉంది రుచంతా.

జపాన్ రెజ్లింగ్ కంపెనీలు ఈ రాయబారం సంగతి బాగా ఎరిగినవి. న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్‌నే తీసుకోండి. 1972లో ఆంటోనియో ఇనోకి పెట్టిన కంపెనీ. 1992 నుంచి ఏటా జనవరి 4న టోక్యో డోమ్‌లో దాని పెద్ద పండగ. ఆ రోజు టైటిల్ మ్యాచ్‌కి దారి అంతకుముందు ఎండాకాలంలోనే మొదలవుతుంది. జులై, ఆగస్టుల్లో జీ-1 క్లైమాక్స్ అని లీగ్ నడుస్తుంది. 2012 నుంచి కొన్నేళ్లపాటు ఒక చిత్రమైన పద్ధతి ఉండేది. లీగ్ గెలిచినవాడికి డోమ్‌లో చాంపియన్‌ను ఢీకొనే హక్కు పత్రాన్ని సూట్‌కేసులో పెట్టి ఇచ్చేవారు. ఇచ్చి ఊరుకుంటారా? ఆ సూట్‌కేసునే పణంగా పెట్టి శరదృతువంతా మళ్లీ కుస్తీలు!

మధ్యలో చిన్న ఊళ్ల జిమ్‌లలో రోజుకో ఆట. చాంపియన్ ఒక జట్టులో, సవాలు విసిరినవాడు ఎదుటి జట్టులో. ఇద్దరూ కాసేపే ఎదురుపడతారు. ఒకరోజు వీడు వాడి మోకాలు పట్టుకుంటాడు. మర్నాడు ఇంకో ఊళ్లో వాడు కుంటుతూ వస్తాడు. పెద్ద మ్యాచ్ నాటికి ఆ మోకాలే కథవుతుంది. ప్రెస్‌మీట్లు కూడా మన ఎన్నికల ప్రెస్‌మీట్ల కంటే గంభీరంగా ఉంటాయి. బల్లకి అటొకరు, ఇటొకరు, మధ్యలో బెల్టు. అరుపులు తక్కువ. ఒక్కోసారి ఒక్క మాటే ఉంటుంది. దాన్ని మర్నాడు స్పోర్ట్స్ పేపర్లు మొదటి పేజీకెక్కిస్తాయి.

ఈ విద్యలో మనవాళ్ల వాటా కూడా ఉందంటే ఆశ్చర్యపోకండి. 1955 నవంబరులో టోక్యోలో ఆసియా ట్యాగ్ టైటిల్ అని కొత్త బెల్టు పెడితే, దాన్ని మొట్టమొదట గెలిచింది కింగ్‌కాంగ్, టైగర్ జోగిందర్ సింగ్‌ల జంట. కింగ్‌కాంగ్ అంటే మన తాతలు దారాసింగ్‌తో కలిపి చెప్పే ఆ భారీకాయుడే. ఆ బెల్టు కోసం జపాన్‌లో ఇంకా పోటీ పడుతూనే ఉన్నారు.

కానీ రాయబారం అంటే ఏంటో చూపించినవాడు టైగర్ జీత్ సింగ్. పంజాబ్‌లో పుట్టి, కెనడా వెళ్లి కుస్తీ నేర్చుకున్నాడు. 1973లో జపాన్‌లో అడుగుపెట్టాడు. ఎలా? రింగులోకి నడిచొచ్చి కాదు. ప్రేక్షకుల్లో కూచుని, ఉన్నట్టుండి లేచి రింగులోకి దూకి, అక్కడున్నవాణ్ని చితకబాదాడు. తలపాగా, నోట్లో కత్తి. జనం కుర్చీలొదిలి పరిగెత్తేవాళ్లు. అదే ఏడాది నవంబరులో ఇనోకి భార్యతో కలిసి టోక్యో షింజుకులోని ఇసెతాన్ షాపు దగ్గర ఉంటే, నడివీధిలో అందరూ చూస్తుండగా మీదపడ్డాడు. పోలీసులొచ్చారు. పేపర్లకెక్కింది. కోఠిలో చీరలు కొనుక్కుంటున్న హీరో మీద విలన్ నిజంగానే వచ్చి పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది కంపెనీ వేసిన ఎత్తేనా, లేక హద్దు దాటిన పిచ్చా అని అక్కడి అభిమానులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. నన్నడిగితే ఎత్తే అంటాను. అయితేనేం, రోడ్డు మీద వెళ్తున్నవాళ్లు పోలీసుల్ని పిలిచేంత గట్టి ఎత్తు!

ఆ తర్వాత తొందరపడలేదు. 1974 జూన్‌లో ఒసాకాలో ఎన్‌డబ్ల్యూఎఫ్ బెల్టు కోసం తలపడ్డారు. ఆ రోజు ఇనోకి పగబట్టినట్టు ఒకే చేతి మీద పడ్డాడు. చెయ్యి విరిచేశాడని చెప్పుకున్నారు. విలన్ ఓడాడు కదా, కథ అయిపోయిందనుకున్నారు. 1975 మార్చిలో హిరోషిమాలో అదే బెల్టు టైగర్ గెలుచుకున్నాడు. మూడు నెలలు దాన్ని మోశాడు. జూన్ 26న టోక్యోలో ఇనోకి తిరిగి లాక్కున్నాడు. వీధిలో మొదటి దెబ్బ నుంచి ఆ రోజు దాకా లెక్కేస్తే ఏడాదిన్నర పైమాటే. ఆ ఏడాదిన్నరా అభిమానులకి పూట గడిచిపోయింది.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది, అదీ చెప్పాలి. తలపాగా చుట్టుకున్నవాడంటే కత్తి పట్టుకుని ఊరి మీద పడే ఉన్మాది అన్న బొమ్మ ఒక తరం జపాన్ పిల్లల బుర్రల్లో అలా పడిపోయింది. టికెట్లు అమ్ముడుపోయాయి సరే, ఆ బొమ్మ ఖరీదు ఎవరు కట్టినట్టు? అదే మనిషి కెనడాలో దానధర్మాలకి పేరుపడ్డాడు. ఒంటారియోలోని మిల్టన్ ఊళ్లో ప్రభుత్వ బడికి ఆయన పేరే పెట్టారు.

కత్తులూ వీధి పోట్లాటలూ లేకుండా కూడా పగ పెంచవచ్చని తర్వాతివాళ్లు చూపించారు. 2012 జనవరి 4న డోమ్‌లో కజుచికా ఒకాడా అనే కుర్రాడు, అప్పుడే అమెరికా నుంచి తిరిగొచ్చినవాడు, చాంపియన్ హిరోషి తనహాషి ముందుకొచ్చి సవాలు విసిరాడు. జనం ఎగతాళి చేశారు. నెల తిరిగేసరికి ఫిబ్రవరి 12న ఒసాకాలో బెల్టు వాడిదే! జూన్‌లో తనహాషి తిరిగి తీసుకున్నాడు. ఆగస్టులో 24 ఏళ్లకే ఒకాడా జీ-1 గెలిచి సూట్‌కేసు పట్టుకెళ్లాడు. 2013 జనవరిలో డోమ్‌లో తనహాషి గెలుపు. ఏప్రిల్‌లో మళ్లీ కుర్రాడు. 2015 జనవరిలో డోమ్‌లో ఇంకోసారి ఓడి, ఒకాడా ఏడుస్తూ నడిచి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండిపోతాడా... ఏడాదంతా ఆ కన్నీళ్ల చుట్టూనే కథ నడిపి, 2016 జనవరి 4న గెలిపించారు. అదే మనిషి, అదే డోమ్, నాలుగేళ్లు. మన టీవీ సీరియళ్లు ఇంతకంటే ఎక్కువే నడుస్తాయనుకోండి. కానీ అత్తగారు మారాక కోడలికి పాత సంగతి గుర్తుండదు. వీళ్లకి ఏదీ మర్చిపోయే అలవాటు లేదు.

ఇక మన ఊరు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ జరిగింది. టెన్ స్పోర్ట్స్ చూస్తూ, ట్రంప్ కార్డులు ఆడుకుంటూ పెరిగిన తరానికి అది ఎంత పెద్ద సంబరమో చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి పరిగెత్తారు. జాన్ సీనాని కళ్లారా చూశారు. సెత్ రోలిన్స్‌తో జతకట్టి లుడ్విగ్ కైజర్, జియోవాని విన్సీలని ఓడించాడు. రియా రిప్లీ నటాల్యాని ఓడించి తన బెల్టు తనే ఉంచుకుంది. అందరూ గొంతులు పోగొట్టుకుని ఇళ్లకొచ్చారు.

కానీ ఒక్క సంగతి గమనించండి. సరిగ్గా ఆ రోజుల్లో రోలిన్స్‌కి అసలు పగ ఉన్నది షిన్‌సుకే నకమురాతో. ఈ నకమురా న్యూ జపాన్‌లోనే పెరిగినవాడు. రోలిన్స్ నడుం నొప్పి గుట్టు తెలుసుకుని దాని మీదే కొడుతున్నాడు. సెప్టెంబరు 2న అమెరికాలో ఒకసారి కొట్టుకున్నారు. అక్టోబరు 7న మళ్లీ కొట్టుకున్నారు. నడిమధ్యలో హైదరాబాద్ వచ్చింది. ఇక్కడ ఆ కథ అంగుళం కూడా కదల్లేదు. అంటే మనకి దక్కింది యుద్ధం సీను మాత్రమే, రాయబారం లేదు. ట్రంప్ కార్డు మీద ఎత్తు, బరువు, ఛాతీ కొలత అన్నీ ఉంటాయి. ఎవడికి ఎవడి మీద కోపమో ఉండదు. ఆ రాత్రి కూడా అలాంటిదే. వెళ్లినవాళ్ల ఆనందాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఇంకా ఎక్కువ దక్కాల్సింది అంటున్నాను.

మళ్లీ మొదటి ప్రశ్నకొద్దాం. అంతా అనుకుని ఆడేదే అయితే దెబ్బలు కూడా ఉత్తుత్తివేనా?

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే పట్టుకుంటే బాటసింగారం వస్తుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ ఇప్పుడు అక్కడికే చేరింది. ఆ చుట్టుపక్కలే రామోజీ ఫిల్మ్‌సిటీ. అక్కడ గోడ అట్టది, రాయి థర్మోకోల్‌ది. ఫైట్‌లో ఎవరు ఓడాలో స్క్రిప్టులోనే రాసి ఉంటుంది. కానీ హీరో బదులు పైనుంచి పడే డూప్ వీపుకి తగిలే నేల మాత్రం నిజం. జపాన్ రింగులోనూ అంతే. కాకపోతే అక్కడ డూప్ ఉండడు, రెండో టేక్ ఉండదు.

2009 జూన్ 13న హిరోషిమాలో ట్యాగ్ టైటిల్ మ్యాచ్ ఆడుతూ మిత్సుహారు మిసావా చనిపోయాడు. వయసు 46. వేల సార్లు పడ్డ పాటే ఇంకొక్కసారి పడ్డాడు, వెనక్కి, మెడ మీద. ఆయన మామూలు ఆటగాడు కాదు. ఆ కంపెనీ పెట్టినవాడు. తను రింగులోకి దిగకపోతే టికెట్లు తెగవని మెడ పాడైనా ఆడుతూ వచ్చాడు.

కత్సుయోరి షిబాటాది ఇంకో కథ. 2005లో న్యూ జపాన్ వదిలి వెళ్లిపోయినవాడు. 2012లో తిరిగొచ్చాడు. వదిలిపోయినవాడన్న మాట చెరుపుకోవడానికే అయిదేళ్లు పట్టింది. ఎట్టకేలకి 2017 ఏప్రిల్ 9న ర్యోగోకులో ఒకాడా బెల్టు కోసం దిగాడు. అన్నాళ్ల రాయబారం తర్వాత చేతులు అడ్డుపెట్టుకుని కొడితే జనం ఒప్పుకుంటారా? తలతో తలని నేరుగా కొట్టాడు. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. నుదుటి మీంచి రక్తం కారింది. 38 నిమిషాలు ఆడి, ముందే అనుకున్నట్టు ఓడి, లోపలికి నడిచెళ్లి కుప్పకూలాడు. మెదడు చుట్టూ రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేసి బతికించారు.

పగని ఎంత బాగా పెంచితే చివరి మ్యాచ్ దగ్గర ఒంటిని అంత ఎక్కువ అడుగుతుంది జనం. నేను మెచ్చుకున్న ఆ నాలుగేళ్ల కథలకీ, ఈ నుదుటి రక్తానికీ సంబంధం లేదని చెప్పలేను.

షిబాటా ఇక ఆడడనే అందరూ అనుకున్నారు. లాస్ఏంజిలిస్‌లో కుర్రాళ్లకి నేర్పుతూ ఉండిపోయాడు. 2022 జనవరి 4న డోమ్‌లో మళ్లీ కనిపించాడు. కొట్టుకోవడాలు లేని పట్ల కుస్తీ మాత్రమేనని కంపెనీ ప్రకటించింది. ఎదురుగా నిలబడ్డది తన దగ్గర నేర్చుకున్న రెన్ నరితా. గంట కొట్టబోయే ముందు షిబాటా మైకు తీసుకుని, ఆ నియమం వద్దు, మామూలు మ్యాచే ఆడదామన్నాడు. శిష్యుడు సరేనన్నాడు.